టబ్బు లేని ఇంట్లో మూలికల స్నానం: నీళ్ళలో ఏం వేయొచ్చు, ఏం వేయకూడదు?

మూడో అంతస్తు (పటమట, విజయవాడ)

అందరికీ నమస్కారం. నాది బ్యాంకు ఉద్యోగం. పొద్దున కుర్చీలో కూర్చుంటే మళ్ళీ లేచేది సాయంత్రమే. ఇంటికొచ్చేసరికి మెడ, భుజాలు బిగుసుకుపోయి ఉంటాయి. పడుకున్నా వెంటనే నిద్ర పట్టదు, ఆఫీసు టెన్షనంతా పక్క మీదికే వస్తుంది. మాత్రల జోలికి వెళ్ళడం ఇష్టం లేదు. రాత్రిపూట ఆకులో వేర్లో వేసి కాచిన నీళ్ళతో స్నానం చేస్తే కాస్త హాయిగా ఉంటుందేమోనని ఆలోచన.

నెట్‌లో వెతికితే అన్నీ టబ్బు స్నానాలే. లావెండర్ పూలు గుప్పెడు, ఎప్సమ్ సాల్ట్ రెండు కప్పులు వేసి అరగంట పడుకోమంటారు. మా బాత్రూమ్‌లో బకెట్, స్టూలు పెట్టాక తలుపు వేసుకోవాలంటేనే ఒక పక్కకి ఒరగాలి. ఇక లావెండర్ బెజవాడలో ఎక్కడ వెతకను?

మన దగ్గర దొరికేవి, బకెట్ నీళ్ళలో పనికొచ్చేవి ఉంటే చెప్పండి. ఇంకో సంగతి, మాది బోరు నీళ్ళు. సబ్బు నురగే రాదు.

ప్రకృతి బాట (మంగళగిరి)

చాలా మంచి ఆలోచన మేడమ్. వేపాకు, తులసి, వావిలాకు, జామాయిల్ ఆకు, పసుపు, పటిక, ముద్ద కర్పూరం అన్నీ కలిపి మరిగించి పోసుకోండి. ఒంట్లో పేరుకున్న విషాలన్నీ చెమటలో కొట్టుకుపోతాయి. మండలం రోజులు చేస్తే బీపీ, షుగర్, థైరాయిడ్ దరి చేరవు. ఇంగ్లీషు మందులతో పనే ఉండదు.

ఎందుకు ఏమిటి (విజయవాడ)

అన్నా, నెమ్మది. విషాలు తీసేసే పని కాలేయానిది, మూత్రపిండాలది. చెమటలో పోయేది దాదాపు అంతా నీళ్ళు, ఉప్పు. స్నానంతో థైరాయిడ్ తగ్గుతుందని నమ్మి ఎవరైనా మాత్ర మానేస్తే ఆ పాపం ఎవరిది?

మూడో అంతస్తు గారూ, మీరు అడిగింది నిద్ర గురించి కాబట్టి ఆకుల కంటే ముందు నీళ్ళ సంగతి చూడండి. 2019లో అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం (ఆస్టిన్) వాళ్ళు స్నానానికీ నిద్రకీ సంబంధం మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వడపోశారు. 40 నుంచి 42.5 డిగ్రీల వేడి నీళ్ళతో, పడుకోవడానికి గంట రెండు గంటల ముందు స్నానం చేస్తే నిద్ర తొందరగా పడుతోందని తేలింది. టబ్బే ఉండాలని లేదు, పది నిమిషాలు షవర్ కింద నిలబడినా సరిపోతుందట. గోరువెచ్చటి నీళ్ళకి చర్మం కింద రక్తనాళాలు విప్పారతాయి, లోపలి వేడి చేతులు కాళ్ళ మీదుగా బయటికి పోతుంది, ఒంటి లోపలి ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఆ తగ్గుదలే మెదడుకి నిద్రవేళ అయిందని చెప్పే సంకేతం. అందుకే స్నానం చేసి తుడుచుకుని నేరుగా మంచం ఎక్కేస్తే అంత ఫలితం ఉండదు. అన్నానికి ముందు కానిచ్చేయండి.

ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. చర్మంలోంచి అది చెప్పుకోదగ్గంత లోపలికి వెళ్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. టబ్బులో హాయిగా ఉందంటే ఆ ఘనత వేడి నీళ్ళది. బకెట్‌లో వేసుకుంటే ఉప్పు తూములోకి, డబ్బు కొట్టువాడికి.

తెనాలి అమ్మమ్మ (కొరిటెపాడు, గుంటూరు)

అమ్మాయ్, నీకు కావలసింది నీళ్ళలో ఆకు కాదు, ఒంటికి నూనె. బకెట్ స్నానంలో నీళ్ళు ఇలా పోసుకుంటే అలా జారిపోతాయి. ఆకు సారం చర్మం మీద నిలిచేది ఎంతసేపు? మన పెద్దవాళ్ళకి టబ్బులు లేవు కాబట్టే ముందు నూనె రాసి, నలుగు పెట్టి, ఆ తర్వాత నీళ్ళు పోసేవారు. పని చేసేది ఆ మర్దనా, ఆ రుద్దడమూ.

నువ్వుల నూనె చిన్న గిన్నెలో పోసి, ఆ గిన్నెని వేడి నీళ్ళలో పెట్టు. స్టవ్ మీద పెట్టకు, మాడుతుంది. గోరువెచ్చన అయ్యాక మెడ వెనక, భుజాలు, నడుము, మోకాళ్ళు, అరికాళ్ళు, ఇంతే. రోజూ ఒళ్ళంతా పట్టించాలని లేదు. బొటనవేలితో మెడ నుంచి భుజం చివరిదాకా నొక్కుతూ లాగు. చెయ్యి అందని చోట మీ ఆయన చేత రాయించుకో, ఆయనకీ ఒక పని ఉంటుంది. పావుగంట అలా వదిలేసి సున్నిపిండి తడిపి రుద్దుకో. పిండే నూనెని పీల్చేస్తుంది, సబ్బు అక్కర్లేదు. ఆ తర్వాత నీళ్ళు పోసుకో. కింద గచ్చు మీద నూనె పడితే కాలు సర్రుమంటుంది, పాత తువ్వాలు పరుచుకుని కూర్చో.

ఇక నీళ్ళలోకి అంటావా, వావిలాకు. రెండు గుప్పెళ్ళ ఆకు కడిగి, గిన్నెడు నీళ్ళలో రంగు దిగేదాకా పావుగంట మూత పెట్టి మరగనివ్వు. వడగట్టి ఆ కషాయం బకెట్ నీళ్ళలో కలుపుకో. ఒళ్ళు నొప్పులకి దాన్ని మించింది లేదు. వాసన కాస్త ఘాటుగా ఉంటుంది, రెండు పూటలు పోసుకుంటే అదే అలవాటవుతుంది.

పెసరట్టు ఉప్మా (సత్యనారాయణపురం, విజయవాడ)

అమ్మమ్మ గారూ, సున్నిపిండి కొలతలు కూడా చెబుదురూ. బజారులో కొన్నదాంట్లో ఏం కలుపుతున్నారో తెలియడం లేదు, వాసన మాత్రం అగరొత్తుల్లా వస్తోంది.

తెనాలి అమ్మమ్మ

కిలో పెసలకి పావుకిలో శనగపప్పు, వంద గ్రాముల బియ్యం. కచ్చూరాలు వంద గ్రాములు, తుంగముస్తలు యాభై, వట్టివేళ్ళు యాభై, కస్తూరి పసుపు యాభై. ఎండబెట్టిన నారింజ తొక్కలు, గులాబీ రేకులు ఉంటే గుప్పెడు గుప్పెడు. మెంతులు రెండు చెంచాలు. వట్టివేళ్ళు చిన్న ముక్కలుగా కత్తిరించకపోతే మరలో పీచు చుట్టుకుంటుంది. అన్నీ ఎండలో గలగలలాడేదాకా ఎండాలి. తొక్కలో తడి ఉందంటే నెల తిరక్కుండా పురుగు పడుతుంది.

వంట పసుపు వేయకు. ఒళ్ళూ తువ్వాలూ బకెట్టూ అన్నీ పచ్చగా అవుతాయి. కస్తూరి పసుపు అంతగా అంటదు. వంట పసుపే వాడాలంటే దుగ్గిరాల కొమ్ములు తెచ్చి కొట్టించుకో, పొడి కొనకు. పొడిలో రంగు కలిపేవాళ్ళు ఉన్నారు.

మా అత్తగారు బావంచాల గింజలు కూడా వేసేవారు, ఒంటి మీద మచ్చలు పోతాయని.

మందుల కొట్టు (గవర్నర్‌పేట, విజయవాడ)

అమ్మమ్మ గారు చెప్పిందంతా బాగుంది, ఆ చివరి మాట దగ్గర మాత్రం ఆగాలి. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మానికి ఎండని పట్టిస్తుంది. బొల్లి మచ్చలకి వైద్యులు సోరాలెన్ ఇచ్చి, కొలిచినట్టు అతినీలలోహిత కిరణాలు తగలనిచ్చేది అందుకే. అదే సున్నిపిండిలో వేసుకుని పొద్దున్నే రుద్దుకుని బెంజి సర్కిల్ ఎండలో స్కూటర్ మీద వెళ్తే చర్మం కమిలి, పొక్కులు లేచి, నల్ల మచ్చలు పడొచ్చు. మచ్చలు పోగొట్టుకోబోయి మచ్చలు తెచ్చుకోవడం. ఇంట్లో చేసుకునే పిండిలో బావంచాలు వద్దు. నిమ్మతొక్కతో కూడా ఇదే తంటా, పచ్చి నిమ్మరసం ఒంటికి రాసుకుని ఎండలోకి వెళ్ళకండి.

ఇంకో మాట, ప్రకృతి బాట గారు కర్పూరం అన్నారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే దాన్ని నీళ్ళలోనూ నూనెలోనూ కలపొద్దు. కర్పూరం కొద్దిగా లోపలికి వెళ్ళినా పసివాళ్ళకి మూర్ఛ రావచ్చు. నీలగిరి తైలం సీసా కూడా వాళ్ళకి అందనివ్వకండి. పెద్దవాళ్ళయినా ఇలాంటి తైలాలు నేరుగా బకెట్‌లో చుక్కలు వేయకూడదు. నీళ్ళలో కలవవు, పైన తేలుతూ ఉంటాయి. మగ్గుతో ముంచగానే ఆ చుక్కలన్నీ ఒకేచోట చర్మం మీద పడి మండుతాయి. వాసన కావాలంటే ఒకటి రెండు చుక్కలు కొబ్బరి నూనెలో కలిపి రాసుకోండి.

ప్రకృతి బాట

మందుల కొట్టు వాళ్ళు మూలికలు మంచివని ఎందుకంటారులెండి.

మందుల కొట్టు

మా కౌంటర్లో వట్టివేళ్ళ సబ్బు కూడా అమ్ముతాం సార్. మూలికలంటే నాకు పగ లేదు. కషాయమైనా కెమికలైనా చర్మానికి పడుతుందో లేదో చూసుకోమంటున్నా. కొత్త ఆకు ఏది వాడినా మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు చూడండి. ఎర్రబడినా దురద పెట్టినా వదిలేయండి. పది రకాలు కలిపి మరిగిస్తే ఏది పడలేదో ఎలా తెలుస్తుంది?

చుట్టుగుంట చిన్నోడు (గుంటూరు)

అందరూ పెద్దవాళ్ళున్నారు కాబట్టి అడుగుతున్నా. మా నాన్న మిర్చి యార్డులో బస్తాలు మోస్తారు. సీజన్ వచ్చిందంటే ఇంటికి రాగానే ఒళ్ళంతా మంట. మెడ మడతల్లో, మోచేతుల దగ్గర, నడుం దగ్గర లుంగీ కట్టుకునే చోట మరీనూ. అమ్మ వేపాకు, పసుపు వేసి వేడి వేడి నీళ్ళు కాచి పోస్తుంది. పోస్తున్నంతసేపూ ఆయన గిలగిల్లాడిపోతారు. నీళ్ళలో ఇంకేమైనా వేస్తే మంట తగ్గుతుందా?

మందుల కొట్టు

తమ్ముడూ, ఇక్కడ మంట పెంచేది ఆ వేడి నీళ్ళే. మిరపలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. అది నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఉత్త నీళ్ళు పోస్తే ఒక చోట ఉన్నది నాలుగు చోట్లకి పాకుతుంది. పైగా మన నరాల్లో వేడిని పసిగట్టే గ్రాహకమూ, మిరపకి స్పందించే గ్రాహకమూ ఒకటే. 43 డిగ్రీలు దాటితే అది మేలుకుంటుంది. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది, ఆయన వాడింది ఈ క్యాప్సైసిన్‌నే. అంటే ఇప్పటికే మిరప మండిస్తున్న నరానికి మీ అమ్మగారు పైనుంచి వేడి కూడా తగిలిస్తున్నారన్నమాట.

ఇలా చేయండి. ఇంటి బయటే చొక్కా విప్పి, పొడి గుడ్డతో దుమ్ము తుడవాలి, రుద్దకుండా దులిపినట్టు. తర్వాత కొబ్బరి నూనో వేరుశనగ నూనో చేతులకి, మెడకి, మండే చోటల్లా పల్చగా పట్టించి, రెండు మూడు నిమిషాలు ఆగి పాత గుడ్డతో తుడిచెయ్యాలి. ఆ గుడ్డ మళ్ళీ వాడకండి. అప్పుడు సబ్బుతోనో సున్నిపిండితోనో కడిగి చల్లటి నీళ్ళు పోయండి. మంట ఇంకా ఉంటే ఇంకోసారి నూనె. వేపాకు పసుపు ఆ రోజుకి వద్దు, మండే చర్మం మీద రుద్దితే ఇంకా రేగుతుంది. కంట్లో పడితే మాత్రం నూనె పెట్టకూడదు, మంచినీళ్ళతో చాలాసేపు కడగాలి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

బ్రాడీపేట అడ్డరోడ్డు (గుంటూరు)

మిర్చి మాట వచ్చింది కాబట్టి గుంటూరు వాళ్ళందరికీ ఒక హెచ్చరిక. సున్నిపిండి ఆడించడానికి వెళ్ళినప్పుడు ఆ మరలో అంతకుముందు ఏం పట్టారో అడగండి. పోయిన సంక్రాంతి ముందు మా పక్క వీధి మరలో పట్టించాం. అతను కారం మరా పిండి మరా వేరే అన్నాడు. వేరే సంగతి దేవుడెరుగు, భోగి పొద్దున తలంటు పోసుకుంటూ మా చిన్నది నలుగు పెట్టగానే కెవ్వుమంది. తర్వాత నేను రుద్దుకుని చూశా, చెవుల వెనక నిప్పు అంటుకున్నట్టయింది. పండగ పూట ఇంటిల్లిపాదీ ఎర్రగా కందిపోయి, పక్కింటి వాళ్ళు ఫొటోలకి పిలిస్తే వెళ్ళలేదు.

అప్పట్నుంచి ముందు అరకిలో బియ్యం పట్టించి, ఆ పిండి పారబోసి, తర్వాత మాది పట్టించమంటున్నా. మరతను మొహం అదోలా పెడతాడు, పెట్టనీ.

పెసరట్టు ఉప్మా

😂 గుంటూరులో సున్నిపిండి కూడా కారంగానే ఉంటుందన్నమాట!

చుట్టుగుంట చిన్నోడు

మందుల కొట్టు అన్నా, ఈ రోజు నూనె పద్ధతి చేశాం. నాన్న చాలాకాలానికి స్నానం చేసి వచ్చి మామూలుగా కూర్చుని అన్నం తిన్నారు. అమ్మ ఇంకా నమ్మడం లేదు, "వేపాకు మానేస్తే ఎలారా" అంటోంది. అమ్మమ్మ గారు ఒక మాట చెబితే వింటుంది.

తెనాలి అమ్మమ్మ

మీ అమ్మకి చెప్పు, వేపాకు ఎక్కడికీ పోలేదు. ఆటలమ్మ పోసి పొక్కులు ఎండాక వేపాకు నీళ్ళు పోస్తాం. అదీ ఆకు తేలేసి గోరువెచ్చగా, పుండు మీద రుద్దకుండా. దేనికి వాడేది దానికే. మీ నాన్నకి మిరప మంట, అమ్మవారు కాదు.

మూడో అంతస్తు

ఎన్ని విషయాలో! బోరు నీళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు. సున్నిపిండి ఆ నీళ్ళలో పనిచేస్తుందా?

ఎందుకు ఏమిటి

చేస్తుంది. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెల్లటి పొలుసులా విరిగిపోతుంది. నురగ రాకపోవడానికీ, బకెట్ చుట్టూ తెల్ల చార కట్టడానికీ కారణం అదే. చర్మం మీదా ఆ పొరే నిలిచి పొడిబారి దురద పెడుతుంది. సున్నిపిండి చేసేది నూనెని పీల్చి, మురికిని రుద్ది తీయడం. దానికి నీళ్ళలో ఏముందో పట్టదు. కుంకుడుకాయ కూడా అంతే. దాని నురగ సాపోనిన్లనే సహజ పదార్థాల వల్ల వస్తుంది, సబ్బులా కాల్షియంతో విరిగిపోదు. బోరు నీళ్ళ ఇళ్ళలో కుంకుడుకాయకి షాంపూల కంటే మంచి మార్కులే వేయొచ్చు.

బ్రాడీపేట అడ్డరోడ్డు

కుంకుడు రసం కళ్ళలో పడి ఏడుస్తుంటే మా నాయనమ్మ నోట్లో ఉప్పుకల్లు వేసేది. మంట తగ్గేదో లేదో గానీ, ఉప్పు చప్పరించే పనిలో పడి ఏడుపు ఆపేవాళ్ళం.

కృష్ణలంక కుర్రాడు (విజయవాడ)

పెద్దలకు నమస్కారం. మాకు బాబు పుట్టాడు. మా ఆవిడకి ఆపరేషన్ అయింది. అత్తయ్య గారు బాలింత స్నానమని పెద్ద డేగిసాలో వావిలాకు, చింతాకు కాచి సిద్ధం చేస్తున్నారు. నీళ్ళు పొగలు కక్కుతున్నాయి, మా ఆవిడేమో భయపడుతోంది. బాబుకి కూడా ముక్కులో ఊది, చెవుల్లో నూనె వేసి, సాంబ్రాణి పొగ వేయాలట. ఏం చేయమంటారు?

తెనాలి అమ్మమ్మ

నాయనా, కుట్లు మానాయని డాక్టరమ్మ చెప్పేదాకా ఆకుల నీళ్ళు కుట్ల మీద పడనివ్వకండి. ఆ తర్వాత వావిలాకు నీళ్ళు పోయొచ్చు, నడుముకి హాయిగానే ఉంటుంది. పొగలు కక్కే నీళ్ళు ఎవరికీ పోయకూడదు. మా రోజుల్లో కాన్పు ఇంట్లో అయ్యేది, ఆపరేషన్లు తెలియవు. మీ అత్తయ్యకి ఈ మాట మెల్లగా చెప్పు, ఆవిడ కంగారు కూడా కూతురి మీద ప్రేమతోనే.

మందుల కొట్టు

బాబు విషయంలో మాత్రం మెల్లగా కాదు, గట్టిగానే చెప్పండి. ముక్కులో ఊదడం, ముక్కులో చెవుల్లో నూనె పోయడం వద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. తలుపులు మూసిన గదిలో సాంబ్రాణి పొగ పసివాడి ఊపిరికి మంచిది కాదు. అంతగా వేయాలనుకుంటే బాబు లేనప్పుడు గదిలో వేసి, కిటికీలు తీసి, పొగంతా పోయాక తీసుకురండి. నీళ్ళ వేడి మీ మోచేత్తో ముట్టి చూడాలి, అరచెయ్యి పనికిరాదు. వంటింట్లో వేడి గిన్నెలు పట్టీ పట్టీ దానికి వేడి అంతగా తెలియదు. బాబు స్నానం నీళ్ళలో ఏ ఆకూ అక్కర్లేదు.

అన్నట్టు మీ బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉందా? ఉంటే కిటికీ తెరిచే ఉంచండి. మూసిన గదిలో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, మనిషి తెలియకుండానే పడిపోతాడు. ఎంచక్కా మూలికల ఆవిరి పట్టుకుందామని తలుపులన్నీ బిగించుకునేవాళ్ళకి ఇది మరీ మరీ చెబుతున్నా.

కృష్ణలంక కుర్రాడు

గ్యాస్ గీజరే ఉంది. కిటికీకి చలికాలంలో అట్ట అడ్డం పెట్టాం. ఇప్పుడే వెళ్ళి తీసేస్తున్నా.

రిటైర్డ్ మాస్టారు (అరండల్‌పేట, గుంటూరు)

ఒళ్ళంతా స్నానం రోజూ కుదరకపోతే కాళ్ళవరకు చేయవచ్చు. ప్లాస్టిక్ టబ్బులో పిక్కలు మునిగేంత గోరువెచ్చటి నీళ్ళు పోసి, జామాయిల్ ఆకుల కషాయం కలిపి, టీవీలో వార్తలు చూస్తూ పావుగంట కూర్చుంటాను. బకెట్ స్నానంలో నీళ్ళు జారిపోతాయన్న అమ్మమ్మ గారి మాటకి ఇదే జవాబు: ఇక్కడ నీళ్ళు నిలుస్తాయి. నిద్ర కూడా బాగా పడుతుంది. వార్తలు చూడకపోతే ఇంకా బాగా పడుతుందని మా ఆవిడ అంటుంది.

ఆయుర్వేద పండితుడు వాగ్భటుడు కూడా వేడినీళ్ళు మెడ కింద భాగానికి బలమనీ, తల మీద పోస్తే జుట్టుకీ కళ్ళకీ చేటనీ అష్టాంగ హృదయంలో చెప్పాడు. తిన్న వెంటనే స్నానం కూడదన్నదీ అక్కడే ఉంది. తలంటు పేరుతో మాడు మీద మరిగే నీళ్ళు పోసేవాళ్ళు గమనించాలి.

మందుల కొట్టు

మాస్టారు గారూ, మీకు షుగర్ లేదు కదా? ఉన్నవాళ్ళు ఈ పద్ధతి జోలికి పోవద్దు. అరికాళ్ళలో స్పర్శ తగ్గి ఉండొచ్చు, నీళ్ళు కాలుతున్నా తెలియదు. బొబ్బ లేచాకే చూసుకుంటారు, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది.

రిటైర్డ్ మాస్టారు

లేదు బాబూ, ఈ మధ్యే పరీక్ష చేయించాను. మా ఆవిడకి ఉంది. నేను లేవగానే ఆ నీళ్ళలోనే తనూ పెట్టుకుంటోంది. ఇవాళ్టి నుంచి మాన్పిస్తాను.

పెసరట్టు ఉప్మా

ఇవన్నీ చలికాలానికి సరే. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి బెజవాడలో వేడినీళ్ళ స్నానం ఎవరు చేస్తారు? మధ్యాహ్నం కుళాయి తిప్పితే డాబా మీది ట్యాంకు నీళ్ళే చెయ్యి కాలేలా వస్తాయి. నాకు మెడ కింద, వీపంతా చెమటకాయలు.

తెనాలి అమ్మమ్మ

ఎండాకాలం దారి వేరు. వట్టివేళ్ళు చిన్న కట్ట తీసుకుని, మట్టి పోయేదాకా రెండు మూడు నీళ్ళు మార్చి కడుగు. రాత్రి బకెట్ నీళ్ళలో వేసి ఇంట్లో నీడన ఉంచు. పొద్దునకి నీళ్ళూ చల్లబడతాయి, వాసనా దిగుతుంది. మరిగించే పనే లేదు. ఆ వేళ్ళు ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు, వాసన పోయాక పారెయ్యి. జిగురు తగిలితే అప్పుడే పారెయ్యాలి. చెమటకాయలున్నప్పుడు నూనె, నలుగు రెండూ వద్దు. చల్లటి నీళ్ళు, పల్చటి నూలు బట్ట చాలు.

మందుల కొట్టు

నిజం. చెమట గ్రంథుల దారి మూసుకుపోయి వచ్చేవి చెమటకాయలు. నూనె రాస్తే ఇంకా మూసుకుంటాయి.

మూడో అంతస్తు

అందరికీ చాలా థాంక్స్. నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ఆఫీసు నుంచి రాగానే మెడకి, భుజాలకి నువ్వుల నూనె. పావుగంట తర్వాత గోరువెచ్చటి నీళ్ళతో స్నానం, ఆ తర్వాత భోజనం. వావిలాకు ఆదివారాలు మాత్రమే, ఆ రోజు సున్నిపిండితో. మిగతా రోజులు ఉత్త నీళ్ళే. మెడ బిగుసుకోవడం తగ్గింది. నిద్ర కొన్ని రోజులు బాగా పడుతోంది, నెలాఖరు లెక్కలున్న రోజుల్లో ఏ ఆకూ పనిచేయడం లేదు.

అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఒక సలహా. ఆకుల్ని నేరుగా నీళ్ళలో వేయకండి. పాత మల్లుగుడ్డలో మూట కట్టి వేసి, తీసేటప్పుడు బకెట్‌లోకి గట్టిగా పిండాలి. మా కింది ఫ్లాట్‌లో గులాబీ రేకులు, వేపాకు వేసి వేసి తూము జాలీ పూడుకుపోయింది. ప్లంబర్ లాగితే నల్లగా, జడలా ఒక పీచు ముద్ద వచ్చింది, ఆకులూ వెంట్రుకలూ కలిసి. ఇప్పుడు అసోసియేషన్ మీటింగ్‌లో అదే చర్చ.

చుట్టుగుంట చిన్నోడు

అక్కా, వావిలాకు ఎక్కడ దొరికింది?

మూడో అంతస్తు

మా అత్తగారి ఊరి కాలువ గట్టు మీద పొదలు పొదలుగా ఉంది. ఎండుది కావాలంటే వన్‌టౌన్‌లో పచారీ, పూజాసామాన్ల కొట్లలో అడిగి చూడు. మీకు గుంటూరులో అయితే పట్నంబజారు వైపు అడగాలేమో.

తెనాలి అమ్మమ్మ

పొలం గట్టున కోసేటప్పుడు పక్క చేలో మందు కొట్టారేమో కనుక్కుని కొయ్యండి. మిరప చేలో, పత్తి చేలో అయితే వారం పది రోజులు ఆ గట్టు వైపు వెళ్ళకండి. రథసప్తమికి జిల్లేడాకులు కోసేవాళ్ళు కూడా, ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోండి, కళ్ళకి చాలా ప్రమాదం. ఆకు కోశాక చెయ్యి కడిగి గానీ మొహం మీద పెట్టొద్దు.

ప్రకృతి బాట

ఇంత మాట్లాడుకున్నాక నేనూ కర్పూరం మానేస్తా. పటిక వేయొచ్చా మరి?

మందుల కొట్టు

దేనికి సార్?

ప్రకృతి బాట

మా గురువుగారు చెప్పారు.

మందుల కొట్టు

గడ్డం గీసుకున్నాక రాసుకోండి, సరిపోతుంది. స్నానం నీళ్ళలో వేస్తే చర్మం ఇంకా పొడిబారుతుంది.

పెసరట్టు ఉప్మా

అమ్మమ్మ గారూ, రేపు మరకి వెళ్తున్నా. పెసలు పొట్టుతోనే వేయాలా, పొట్టు తీసిన పప్పా?

తెనాలి అమ్మమ్మ

పొట్టుతోనే. రవ్వగా కాకుండా, అలాగని మైదాలా కాకుండా బరక తగిలేట్టు పట్టించు. మొహానికి వాడేది విడిగా జల్లించుకో. మరలో ముందేం పట్టారో అడగడం మర్చిపోకు.